ఆక్టేను సంఖ్యయు, థామస్ మిడ్గ్లీ జీవితమును

తలిదండ్రుల దినమున మా పాఠశాలకు విచ్చేసిన ఒక పెద్దమనిషి, సభ ముగిసిన పిమ్మట, తన మోటారుకారు ప్రక్కన నిలిచి మమ్మొక ప్రశ్న యడిగిరి. పెట్రోలు బంకులో సాధారణపు పెట్రోలు ఒక ధరకును, ఆక్టేను సంఖ్య హెచ్చుగా గల పెట్రోలు అంతకు మించిన ధరకును అమ్ముచున్నారనియు, ఆ హెచ్చు ధర పెట్టి కొన్నచో బండి లీటరుకు మరికొన్ని కిలోమీటరులు నడచునా యనియు ఆయన ప్రశ్న. ఆయన కుమారుడు మా తరగతిలోని వాడే. సంఖ్య పెద్దదైనప్పుడు బలమును పెద్దదే కావలెను గదా యని వాడు మాకంటె ముందుగానే తీర్పు చెప్పివైచెను. మేమప్పు డేదో క్లుప్తముగా జవాబు చెప్పితిమి గాని, అది మాకే తృప్తి కలిగింపలేదు. ఏలయన, ఆ ప్రశ్నకు సరియైన సమాధానము ఒక మనుష్యుని జీవితముతో పెనవైచుకొని యున్నది. ఆ జీవితమును చెప్పక సమాధానమును మాత్రమే చెప్పుట సగము పాఠము చెప్పుటయే యగును. కావున ఈ సంచికలో ఆ మనుష్యుని చరిత్రమును మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును నివేదించుచున్నాము.

ఆయన పేరు థామస్ మిడ్గ్లీ. 1889 వ సంవత్సరము మే నెల 18 వ తేదీన, అమెరికా సంయుక్తరాష్ట్రములలో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి బీవర్ ఫాల్సు పట్టణమున నాయన జన్మించెను. బాల్యము ఒహయో రాష్ట్రమున కొలంబసు నగరమున గడచెను. తండ్రియు మోటారు టైర్ల విషయమున క్రొత్త పద్ధతులు కనిపెట్టిన వాడగుటచే, ఆలోచించి యొక వస్తువును నిర్మించుట యనునది ఆ యింట వింతపని కాదు. మిడ్గ్లీ కార్నెల్ విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రము నభ్యసించి 1911 లో పట్టము పొందెను. మా విద్యార్థు లొక సంగతి గమనింపవలయును. ఈయన తరువాతి కాలమున లోకమెల్ల నెరిగిన రసాయనశాస్త్రజ్ఞు డయ్యెను. కాని ఆయన పొందిన పట్టము రసాయనశాస్త్రమున కాదు. ఆ శాస్త్రమును ఆయన పని చేయుచు, అవసరము వచ్చిన కొలదియు, స్వయముగా నేర్చుకొనెను.

ఒహయో రాష్ట్రమందలి డేటన్ నగరమున చార్లెస్ కెటరింగు అను ప్రసిద్ధుడైన యంత్రశిల్పి యుండెను. పూర్వము మోటారుకారు ముందు నిలిచి ఇనుప కమ్మీని చేతితో త్రిప్పిననే గాని ఇంజను కదలెడిది కాదు. ఆ శ్రమ తప్పించుటకు విద్యుచ్ఛక్తితో నింజనును నడకకు తెచ్చు సాధనమును కెటరింగు కల్పించెను. 1912 నాటి కాడిలాక్ కార్లలో అది యమర్పబడెను. 1916 లో మిడ్గ్లీ యీయన పరిశోధనశాలలో జేరెను. అచ్చట ఆయనకు మొట్టమొదట నప్పగింపబడిన సమస్య యేమనగా, ఇంజనులో వినవచ్చు నొక మోత. బండి బరువుతో మెట్ట యెక్కునపుడు ఇంజను లోపల సుత్తెతో కొట్టినట్లు టకటక మను చప్పుడు పుట్టును. కార్ఖానాలవారు దీనిని నాకింగు అందురు. కెటరింగు ప్రవేశపెట్టిన విద్యుత్ పరికరములే యీ మోతకు హేతువని కొందరు నిందించుచుండిరి. కావున కారణము కనుగొనుట ఆయనకు మానావమానముల ప్రశ్నగా నుండెను.

ఆ మోత యెట్లు పుట్టునో ఇచ్చట చెప్పక తప్పదు. ఇంజను సిలిండరులోనికి పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి ప్రవేశించును. పిస్టను పైకి వచ్చి ఆ మిశ్రమమును కొంచెము చోటులోనికి అదిమివైచును. అప్పుడు విద్యుత్తు నిప్పురవ్వ పుట్టించును. మంట ఆ రవ్వ యొద్ద నారంభమై క్రమముగా నలుదెసల వ్యాపించి, వాయువులు వ్యాకోచించి, పిస్టనును క్రిందికి నెట్టును. ఇది సక్రమమైన పని. అట్లుగాక, మంట ఇంకను చేరని మూలనున్న మిశ్రమము ఒత్తిడిచేతను వేడిచేతను తనంతట తానే ఒక్కసారి భగ్గున మండినచో, ఆ దెబ్బకు సిలిండరు గోడలు మ్రోగును. బడి విడిచిన గంట కొట్టినప్పుడు పిల్లలు వరుసగా తలుపుగుండ వెడలుటకును, అందరు నొక్కుమ్మడి త్రోసికొని మీద పడుటకును ఎంత భేదమో, ఈ రెంటికిని నంత భేదము. మిడ్గ్లీ ఇంజనులోని ఒత్తిడిని కొలుచు పరికరములను కల్పించి, రవ్వ పుట్టిన తరువాతనే యీ దెబ్బ కలుగుచున్నదనియు, దోషము విద్యుత్ పరికరములయందు గాక నూనెయందే కలదనియు స్థాపించెను.

అంతట నూనెలో నేమి కలిపినచో మోత యణగునో వెదకుట ప్రారంభమయ్యెను. అమెరికాదేశపు అడవులలో మంచు పూర్తిగా కరగకమునుపే పూయు నొక చిన్న మొక్క కలదు. దాని యాకుల అడుగు ఎర్రగా నుండును. ఎరుపురంగు వేడిని త్వరగా పీల్చుకొనుటవలననే ఆ మొక్క ముందుగా పూయుచున్న దేమో యని తలచి, కిరసనాయిలుకు ఎర్రరంగు వేసినచో అదియు త్వరగా వేడెక్కి ఆవిరియై మోత మానునని మిడ్గ్లీ యూహించెను. నూనెలో కరగు ఎర్రరంగు ఆ సమయమున శాలలో దొరకలేదు. అయోడిను దొరకెను. దానిని కలిపి చూడగా మోత తగ్గెను! తరువాత నిజమైన ఎర్రరంగులు తెప్పించి కలిపిరి. వానివలన నేమియు ప్రయోజనము కలుగలేదు. రంగు లేని అయోడిను పదార్థములు కలిపిరి, మోత తగ్గెను. కాబట్టి గుణము రంగుది కాదు, అయోడినుది. ఊహ తప్పు, ఫలము నిజము. మంచి ఫలము వచ్చినది గదా యని ఊరకుండక, తన యూహను తానే పరీక్షకు పెట్టి తప్పని తేల్చుకొనుట ఆయన తొలినాటి గొప్పతనము.

ఒక చప్పుడు మాన్పుటకు ఇంత ప్రయాస యేల యని చదువరు లడుగవచ్చును. ఇచ్చటనే మైలేజి ప్రశ్న ప్రవేశించుచున్నది. సిలిండరులోని మిశ్రమమును ఎంత హెచ్చుగా అదిమి మండించినచో, అంత హెచ్చుగా అది వ్యాకోచించి, తన వేడిలో అంత హెచ్చు భాగమును పనిగా మార్చును. అదుముటకు ముందున్న ఘనపరిమాణమునకును, అదిమిన పిమ్మటి ఘనపరిమాణమునకును గల నిష్పత్తిని సంపీడన నిష్పత్తి యందురు. గాలితో వేసిన ఆదర్శ గణితము ప్రకారము ఈ నిష్పత్తి 4 అయినచో వేడిలో నూటికి 43 వంతులును, 6 అయినచో 51 వంతులును, 8 అయినచో 56 వంతులును, 10 అయినచో 60 వంతులును పనిగా మారవలయును. నిజమైన ఇంజనులలో ఘర్షణ మొదలగు నష్టముల వలన ఇందులో నెంతో తగ్గును గాని, వరుస మాత్రము మారదు. అనగా, ఎక్కువగా అదుము ఇంజను అదే లీటరు పెట్రోలుతో ఎక్కువ దూరము పోగలదు. కాని 1920 ప్రాంతపు కార్లలో ఈ నిష్పత్తి సుమారు 4 మాత్రమే. అంతకు మించి యదిమినచో నాటి పెట్రోలు టకటక మని మ్రోగి ఇంజనును చెరచెడిది. ఆ కాలముననే అమెరికాలోని చమురు కొలది దశాబ్దములలో ఇంకిపోవునని భూగర్భశాస్త్రజ్ఞులు భయపడుచుండిరి. కావున కెటరింగు, మిడ్గ్లీలును, వారి సహాయకుడైన బాయిడును తలపెట్టిన కార్యము నిజముగా పొదుపు కార్యము. మోతను మాన్పినచో ఇంజనులను మార్చవచ్చును. ఇంజనులను మార్చినచో చమురు మిగులును. ఈ వరుసలో నడుమనున్న మెట్టును మా విద్యార్థులు మరువరాదు. పెట్రోలును మార్చినంత మాత్రమున మైలేజి రాదు. దానికి తగినట్లు ఇంజనును మార్చినప్పుడే వచ్చును.

ఆయన యెన్నియో పదార్థములను పరీక్షించెను. 1919 లో అనిలీను అను పదార్థము మోతను చక్కగా అణచుచున్నదని తెలిసెను. కాని దాని దుర్గంధము భరింపరానిది. సెలీనియము, టెల్లూరియము అనువాని సమ్మేళనములు ఇంకను బలమైనవి. కాని వాని కంపు పనిచేయువారి దేహమునకును బట్టలకును పట్టి, స్నానము చేసినను వదలెడిది కాదు. అప్పుడు మిడ్గ్లీ గ్రుడ్డిగా వెదకుట మాని, మూలకముల ఆవర్తన పట్టికను ముందిడుకొని, ఏ దిక్కున గుణము పెరుగుచున్నదో గుర్తించుచు పోయెను. ఆ మార్గము సీసమునకు చేరెను. 1921 వ సంవత్సరము డిసెంబరు 9 వ తేదీన టెట్రా ఇథైల్ లెడ్డు అను సీసపు సమ్మేళనమును ఇంజనులో పరీక్షింపగా, అత్యల్పమైన మోతాదుతోనే మోత పూర్తిగా నణగెను. గాలను పెట్రోలుకు సుమారు 3 మిల్లీలీటర్లు చాలును. అయితే మండిన సీసము ఇంజనులోనే పేరుకొనుచుండెను. దానిని వెలుపలికి కొట్టివేయుటకై బ్రోమిను సమ్మేళనమును గూడ కలిపిరి. ఇంజను శుభ్రమయ్యెను. సీసము పొగతో పాటు వీథులలోనికి పోయెను.

1923 ఫిబ్రవరిలో డేటన్ నగరమున ఈ పెట్రోలు మొదటిసారి అమ్మబడెను. ఆ సంవత్సరమే ఇండియానాపొలిసులో జరిగిన 500 మైళ్ల పందెములో మొదటి మూడు స్థానములు పొందిన కార్లు దీనినే వాడినవి. మరుసటి సంవత్సరము జెనరల్ మోటార్సు, న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిలు కంపెనీలు కలిసి దీని యమ్మకమునకై వేరుగ నొక సంస్థను స్థాపించినవి. దానికి ఇథైల్ అను పేరు పెట్టిరి. ఆ పేరులో సీసమను మాట యెచ్చటను లేదు.

సీసము విషమని లోకమునకు ప్రాచీనకాలము నుండియు తెలియును. మిడ్గ్లీకి మరింత చక్కగా తెలియును. 1923 మొదట ఆయనకే సీసపు విషము సోకి, పని మాని, వెచ్చని ఫ్లోరిడా తీరమునకు పోయి కొన్ని వారములు విశ్రమింపవలసి వచ్చెను. మోతను మాన్పుటకు వేరు మార్గము లేకపోలేదు. ఆల్కహాలును పెట్రోలులో కలిపినచో మోత తగ్గునని ఆయనయే పరీక్షించి వ్రాసియుండెను. కాని ఆల్కహాలు నూటికి పదియో ఇరువదియో పాళ్లు కావలెను. సీసము చుక్కలతో సరిపోవును. పైగా ఆల్కహాలు అందరి సొత్తు. సీసము వాడుకపై పేటెంటు హక్కు పొందవచ్చును. లెక్కలు వేయువారికి దారి స్పష్టముగా కనబడెను.

1924 అక్టోబరులో న్యూజెర్సీ రాష్ట్రమున బేవే అనుచోట ఈ ద్రవమును తయారుచేయు కర్మాగారమున పనివారికి మతిచలించెను. వారు లేని వస్తువులు చూచి కేకలు వేసిరి. అయిదుగురు మరణించిరి, అనేకులు ఆసుపత్రి పాలైరి. మరి రెండు కర్మాగారములలో గూడ అట్టి మరణములే సంభవించినవి. పత్రికలలో గగ్గోలు పుట్టెను. అక్టోబరు 30 వ తేదీన మిడ్గ్లీ విలేఖరులను రప్పించి, వారి యెదుట ఆ ద్రవముతో చేతులు కడుగుకొని, ఒక నిమిషముసేపు దాని యావిరి పీల్చి, తన కేమియు హాని లేదని చూపెను. తన రంగుసిద్ధాంతమును తానే పరీక్షించి తప్పని తేల్చుకొనిన ఆ మనుష్యుడే, ఈ దినమున పరీక్ష గాని దానిని పరీక్షయని చూపెను. ఒక నిమిషము పీల్చుట వేరు. ఒక జీవితకాలము పీల్చుట వేరు. ఆ భేదము ఆయనకు తెలియనిది కాదు.

1925 మే నెలలో వాషింగ్టనులో ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి ఒక సభ చేసెను. అమ్మకము తాత్కాలికముగా నిలిపివేయబడెను. హార్వర్డునుండి వచ్చిన ఆలిస్ హామిల్టను అను వైద్యురాలు, యేల్ విశ్వవిద్యాలయపు యాండెల్ హెండర్సను మొదలగువారు, వీథులలోని ప్రజలకు కలుగబోవు మెల్లని హానిని గూర్చి హెచ్చరించిరి. కాని నియమింపబడిన సంఘము కొలదిమంది పనివారిని కొలదినెలలు పరీక్షించి, నిషేధమునకు తగిన కారణము కనబడలేదనియు, ముందుముందు ఇంకను పరిశోధింపవలెననియు 1926 లో నివేదించెను. అమ్మకము తిరిగి సాగెను. పరిశోధన మాత్రము నలువది సంవత్సరములు చాలవరకు ఆ వ్యాపారము చేయువారి ధనముతోనే జరిగెను.

ఆ 1926 ప్రాంతముననే పెట్రోలు గుణమును కొలుచుటకు ఒక కొలబద్ద యేర్పడెను. ఇథైల్ సంస్థలో పనిచేయుచుండిన గ్రాహము ఎడ్గారు అను రసాయనశాస్త్రజ్ఞుడు, మిక్కిలి తక్కువగా మ్రోగు ఐసో ఆక్టేను అను ద్రవమునకు 100 అనియు, మిక్కిలి హెచ్చుగా మ్రోగు నార్మల్ హెప్టేను అను ద్రవమునకు సున్న యనియు సంఖ్య లేర్పరచెను. ఒక పెట్రోలు, 91 పాళ్లు మొదటిదియు 9 పాళ్లు రెండవదియు కలిపిన మిశ్రమము వలెనే పరీక్షా ఇంజనులో ప్రవర్తించినచో, దాని ఆక్టేను సంఖ్య 91. ఇంతకు మించి ఆ సంఖ్యలో రహస్య మేమియు లేదు. అమెరికాలో నున్న మన బంధువులు అచ్చట 87 సంఖ్య గల పెట్రోలు పోయించుకొందుమని వ్రాసినచో, అది మన 91 కంటె హీనమని తలపరాదు. మన దేశమున ఒక పరీక్షా పద్ధతి సంఖ్యను వ్రాయుదురు. వారు రెండు పద్ధతుల సగటు వ్రాయుదురు. వారి 87 మన 91 కి రమారమి సమానము.

కాబట్టి ఆక్టేను సంఖ్య పెట్రోలు బలమును కొలుచునది కాదు. అది ఓర్పును కొలుచునది. ఎంత అదిమినను తొందరపడి తనంతట మండక, రవ్వ కొరకు వేచియుండు గుణమే ఆ సంఖ్య. లీటరులో నున్న వేడి వేరు విషయము. సాధారణపు పెట్రోలునందైనను, హెచ్చు ఆక్టేను పెట్రోలునందైనను, లీటరుకు సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ల వేడి యుండును, భేద మత్యల్పము. ఇథనాలు అను ఆల్కహాలు ఇందులకు మంచి నిదర్శనము. దాని ఆక్టేను సంఖ్య 100 దాటియున్నది. కాని లీటరులోని వేడి సుమారు 2 కోట్ల 10 లక్షల జౌళ్లు మాత్రమే. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపుట వ్యాపించెను. అట్టి మిశ్రమమున లీటరుకు వేడి నూటికి సుమారు 7 వంతులు తక్కువ యని మా పై తరగతి విద్యార్థులే లెక్క కట్టగలరు. ఆక్టేను హెచ్చినది, వేడి తగ్గినది. సంఖ్య పెద్దదైనచో బలమును పెద్దదే కావలెనను తీర్పు ఇచ్చట నిలువదు.

మరి మిడ్గ్లీ ఆశించిన పొదుపు లోకమునకు దక్కెనా? కొన్నిచోట్ల దక్కెను. విమానముల ఇంజనులు హెచ్చు ఆక్టేను పెట్రోలు కొరకే నిర్మింపబడెను, సవరింపబడెను. 1940 లో బ్రిటిషు యుద్ధవిమానములు 87 సంఖ్య గల పెట్రోలును విడిచి 100 సంఖ్య గలదానిని వాడి, అదే ఇంజనుతో హెచ్చు బలము పొందెను. కాని వీథిలో నడచు కార్ల చరిత్రము వేరు. 1920 నుండి 1970 వరకు అమెరికా పెట్రోలు ఆక్టేను సంఖ్య ఎంతో పెరిగెను. ఇంజనుల సంపీడన నిష్పత్తి 4 నుండి 9 దాటి పోయెను. అయినను 1973 నాటికి అచ్చటి కార్ల సగటు మైలేజి 1940 నాటి కంటె హెచ్చుటకు మారుగా కొంత తగ్గెను. వచ్చిన లాభమునంతయు పెద్ద శరీరములకును, బరువునకును, వేగమునకును కార్లు చేయువారు వెచ్చించిరి. కొనువారును అదియే కోరిరి. పొదుపు పేరిట పుట్టిన సాధనము ఆడంబరమునకు ఉపయోగపడెను.

మిడ్గ్లీ జీవితములో తక్కిన భాగమును సంగ్రహముగా చెప్పుదుము. 1928 లో కెటరింగు కోరిక మీద, విషము కానిదియు మండనిదియు నైన శీతలీకరణ వాయువును ఆయన సహచరులతో కలిసి కొలది దినములలోనే కనుగొనెను. 1930 లో రసాయనశాస్త్ర సభలో దానిని పీల్చి, ఊది, కొవ్వొత్తి నార్పి చూపెను. ఫ్రియాను అను పేర ఆ వాయువు ఇంటింటి శీతల యంత్రములలో ప్రవేశించెను. అది ఆకాశమున ఓజోను పొరను క్షయింపజేయునని 1974 లో మొలీనా, రోలండు అను శాస్త్రజ్ఞులు చూపు వరకును ఎవరికిని తెలియదు. ఈ రెండవ విషయమున మేమాయనను నిందింపజాలము. తెలియని హాని వేరు, తెలిసిన హాని వేరు. ఆయనకు దేశములోని గొప్ప పతకములెన్నియో లభించినవి. 1944 లో అమెరికను రసాయనశాస్త్ర సంఘమునకు అధ్యక్షుడుగా నుండెను. కాని 1940 లో పోలియో వ్యాధి సోకి ఆయన కాళ్లు పడిపోయెను. మంచము మీదినుండి లేచుటకై త్రాళ్లతోను కప్పీలతోను ఒక సాధనమును తానే కల్పించుకొనెను. 1944 నవంబరు 2 వ తేదీన ఒహయోలోని తన గృహమున ఆ త్రాళ్లలోనే చిక్కుకొని ప్రాణము విడిచెను. అప్పుడాయన వయస్సు 55 సంవత్సరములు.

ఆయన పోయిన పిమ్మట లెక్క బయటపడెను. క్లెయిరు ప్యాటర్సను అను శాస్త్రజ్ఞుడు సీసపు పరమాణువులను కొలిచి భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరములని నిర్ణయించినవాడు. ఆ కొలతలు చేయుచుండగా, ఎచ్చట చూచినను, తన ప్రయోగశాల దుమ్ములో సైతము, సీసము అడ్డుపడుచుండుట గమనించి, మనుష్యుల శరీరములలో సీసము సహజముగా నుండవలసిన దానికంటె అనేకరెట్లు పెరిగినదని 1965 లో ప్రకటించెను. పసిపిల్లల దేహములలో చేరిన సీసము వారి బుద్ధిశక్తిని, నేర్చుకొను శక్తిని తగ్గించునని తరువాతి పరిశోధనలు తేల్చినవి. అమెరికాలో 1 మొదలు 5 సంవత్సరముల వయస్సు గల పిల్లల రక్తమున, 1976–80 నడుమ 100 మిల్లీలీటర్లకు సగటున 15 మైక్రోగ్రాముల సీస ముండెను. పెట్రోలునుండి సీసమును తొలగించుచు రాగా, 1991–94 నాటికి అది 3 కు లోపలికి దిగెను. 1996 లో అమెరికా వీథులలోని కార్లకు సీసపు పెట్రోలు పూర్తిగా నిషేధింపబడెను. మన దేశమంతట అది 2000 లో తొలగింపబడెను. 2021 జులైలో అల్జీరియా దేశపు బంకులలో నిలిచిపోవుటతో, కార్ల కొరకు దాని యమ్మకము లోకమున నెచ్చటను లేకపోయెను. ఉపాధ్యాయులమైన మేము ఈ సంగతి చదివినప్పుడు, పాఠము పట్టుబడలేదని యే దేశమున ఏ బాలుడు దండింపబడెనో, దోషము వాని సోమరితనముది కాక వాడు పీల్చిన గాలిదే యయ్యెనేమో యని తలచి, కొంతసేపు పుస్తకము మూసి యుంచితిమి.

ఇక ఆ పెద్దమనిషి ప్రశ్నకు సమాధానము. నేడు ఆక్టేను సంఖ్యను సీసముతో గాక, చమురు శుద్ధిచేయు పద్ధతులచేతను, ఇథనాలు మొదలగువానిచేతను పెంచుదురు. కారుతో నిచ్చిన పుస్తకమున ఏ సంఖ్య వ్రాసియున్నదో దానిని చూడవలయును. 91 చాలునని వ్రాసిన ఇంజనులో మోత లేనప్పుడు 95 పోసినను మైలేజి పెరుగదు. ఓర్పు అక్కరలేని చోట ఓర్పును కొనినట్లగును. హెచ్చు సంఖ్య కావలెనని వ్రాసిన ఇంజనులకు దానినే పోయవలయును. మోతను పసిగట్టి నిప్పురవ్వను కొంచె మాలస్యము చేయు పరికరము నేటి కార్లలో చాలవానికి గలదు. అట్టి కార్లలో తక్కువ సంఖ్య పోసినచో మోత రాదు గాని, బలమును మైలేజియు కొంత తగ్గును. తగిన సంఖ్య పోసినచో ఆ నష్టము తీరును. నమ్మకము చాలనివారు అదే త్రోవలో, అదే బరువుతో, టాంకు నిండుగ పోయించి మరల నిండించు పద్ధతిని పలుమారులు కొలిచి చూచుకొనవచ్చును. ధర నూటికి 10 వంతులు హెచ్చైనచో, లీటరుకు 18 కిలోమీటరులు పోవు బండి 19.8 కిలోమీటరులు పోయిననే గాని పెట్టిన రూక తిరిగి రాదు. చక్రములలో గాలి సరిగా నుంచుటయు, వేగము మితముగా నుంచుటయు అంతకంటె నిశ్చయమైన మార్గములు.

మా విద్యార్థులకు మేము చెప్పదలచిన దిది. థామస్ మిడ్గ్లీ తెలివిలో ఎవరికిని తీసిపోడు, శ్రమలోను తీసిపోడు. తనకు నచ్చిన యూహను గూడ పరీక్షకు పెట్టిన దినమున ఆయన గొప్పవాడు. తనకు తెలిసిన సత్యమును చేతులు కడుగుకొని దాచిన దినమున ఆ గొప్పతనము కొరవడెను. లెక్క వేయునప్పుడు మిగిలిన చమురును మాత్రమే గాక, చెల్లించువా రెవరో దానిని గూడ లెక్కలో వ్రాయవలయును. ఆయన వ్రాయక విడిచిన ఆ పద్దును ఆయన గాని, ఆయన కంపెనీ గాని చెల్లింపలేదు. తమ పేరైన నెరుగని పసిపిల్లలు చెల్లించిరి.